వినోదిని సర్వీసు

పదకొండు గంటలకే మార్కెట్ వీధిలో తారు మెత్తబడింది. లూర్దుమేరి చెప్పులు అడుగడుక్కీ అతుక్కుని, చప్పుడు చేస్తూ ఊడుతున్నాయి. బండిలోని నాలుగు డబ్బాలూ నిండిపోయాయి. కుళ్ళిన టమాటాలూ, చేపల పొలుసూ, బట్టల కొట్లవాళ్ళు పారేసిన ప్లాస్టిక్ కవర్లూ కలిసి ఒకటే ముద్ద. తోడు రావాల్సిన మనిషి రాలేదు కాబట్టి ఇవాళ వాషర్‌మెన్‌పేట్‌లో రెండు వీధులు ఆమె ఒక్కదానివే. కాంట్రాక్టు కంపెనీ ఇచ్చిన చేతి తొడుగులు చిరిగి మూడు వారాలైంది. అడిగినప్పుడల్లా సూపర్‌వైజరు వచ్చే నెల అంటున్నాడు.

జాకెట్లో దోపుకున్న ఫోను మోగింది. మునియక్క. ఆమె కూతురు కలైసెల్వీ, లూర్దుమేరి కూతురు వినోదినీ ఒకే జట్టులో వాలీబాల్ ఆడతారు.

"యాడుండావు లూర్దూ?"

"బండి తోస్తావుండా. ఏంది చెప్పక్కా."

"నాగపూర్ పోయే జట్టు లిస్టు పెట్టినారు. గ్రౌండులో గోడకి అంటించినారు. మా కలై పేరుండాది. మన వినోదిని పేరు లేదు."

"సరిగా చూడు."

"కోచ్ చేత రెండుసార్లు చదివించినా. లేదు."

లూర్దుమేరి బండిని గోడ పక్కకు తోసి, చక్రం కింద రాయి పెట్టింది. సెలవడిగితే సగం రోజు జీతం పోతుందని సూపర్‌వైజరు ఫోనులోనే చెప్పాడు. రోజుకు ఐదువందల అరవై ఆమె కూలి. పోనీ అంది. వీధి కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చూలై వైపు పోయే షేర్ ఆటో ఎక్కింది. పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లూర్దుమేరి అది చూసి కూడా చూడనట్టు బయటికి తిరిగింది.

వినోదినికి ఇరవై ఒకటి. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా అందింది. మాట ఆలస్యం, నడక ఆలస్యం, లెక్క పదిదాకా వచ్చి ఆగిపోయింది. స్పెషల్ స్కూలు వాళ్ళు పద్నాలుగేళ్ళు దాటాక ఇక రావద్దన్నారు. తండ్రి అప్పటికే లేడు. ఆ తరవాత నాలుగేళ్ళు లూర్దుమేరి పొద్దున్నే కూతురికి సద్దన్నం పెట్టి, బయట తాళం వేసి పనికి పోయేది. ఇరుగుపొరుగు తప్పన్నారు. వాళ్ళలో ఎవరూ పిల్లను చూసుకుంటామని మాత్రం అనలేదు. కిటికీ ఊచలు పట్టుకుని పిల్ల పగలంతా వీధిలోకి చూస్తూ నిలబడేది.

మూడేళ్ళ కిందట కోచ్ ముత్తురాజ్ ఆ వీధికి వచ్చాడు. 'ఇణై' అనే ట్రస్టు తరఫున ఇలాంటి పిల్లల్ని ఆటకు వెతుక్కుంటూ వచ్చాడు. ఇణై అంటే అరవంలో జత. పంపు దగ్గర రెండు చేతుల్తో రెండు బిందెలు ఎత్తుకుపోతున్న వినోదినిని చూసి, ఈ పిల్ల భుజాలు నాకు కావాలన్నాడు. ఆ రోజు నుంచీ ఇంటికి తాళం లేదు.

ట్రస్టు ఆడించే ఆటకు ఒక పద్ధతి ఉంది. జట్టులో ఆరుగురు. ముగ్గురు మేధో వైకల్యం ఉన్నవాళ్ళు, వాళ్ళను అథ్లెట్లు అంటారు. ముగ్గురు మామూలు వాళ్ళు, పార్ట్‌నర్లు. పార్ట్‌నర్ ఎంత బాగా ఆడగలిగినా ఆటంతా తానే ఆడేయకూడదు. పక్కవాళ్ళకు బంతి అందించాలి. వినోదిని అథ్లెట్. కింది నుంచి పిడికిలితో ఆమె కొట్టే సర్వీసు నెట్టుకు మూరెడు ఎత్తులో దూసుకుపోయి అవతల చివర పడుతుంది. పోయిన డిసెంబరులో రాష్ట్రస్థాయి పోటీల్లో వరసగా పదకొండు పాయింట్లు ఆ సర్వీసు మీదే వచ్చాయి. జూన్‌లో నాగపూర్‌లో జాతీయ పోటీలు. వినోదిని నెల ముందే బ్యాగు సర్దుకుంది. కనిపించిన వాళ్ళందర్నీ ఒకటే అడుగుతోంది, రైల్లో తలకాణి ఇస్తారా అని.

చూలై గ్రౌండులో ఎండకు పిల్లలు గోడ నీడన కూర్చుని ఉన్నారు. వినోదిని ఒక్కతే నెట్టు దగ్గర సర్వీసులు కొడుతోంది. తల్లిని చూసి చెయ్యి ఊపింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదని లూర్దుమేరికి అర్థమైంది.

లిస్టు ఇంగ్లీషులో ఉంది. "వేలు పెట్టి చదువు," అంది ముత్తురాజ్‌తో.

అతను వేలు పెట్టాడు. "ఇది అథ్లెట్ల వరుసక్కా. కలైసెల్వి. రాశి." వేలు మూడో పేరు మీద ఆగింది. "అక్షయ."

"ఏ అక్షయ?"

ఆ గ్రౌండులో ఉన్నది ఒక్క అక్షయే. ట్రస్టు సెక్రటరీ సుందరరామమూర్తి కూతురు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఏడాదిగా కారులో వచ్చి పార్ట్‌నర్‌గా ఆడి పోతోంది. చెడ్డ పిల్ల కాదు. వినోదినికి బూటు లేసు కట్టుకోవడం నేర్పింది ఆమే. వినోదిని ఆమెను అచ్చూ అని పిలుస్తుంది.

"ఆ పిల్ల పార్ట్‌నర్ గదా. ఈ వరుసలోకి ఎట్ట వచ్చింది?"

"బుద్ధి ఎదగలేదని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చినారక్కా. వికలాంగుల కార్డు కూడా వచ్చేసింది. అథ్లెట్‌గా మెడల్ వస్తే కోటాలో కాలేజీ సీటు ఉండాది. పార్ట్‌నర్‌కి లేదు." ముత్తురాజ్ గొంతు తగ్గించాడు. "నన్నడగవద్దు. నాకిచ్చేది పన్నెండు వేలు. సార్‌నే పోయి అడుగు."

ఆమె అడగడానికి మర్నాడే వెళ్ళింది. వినోదినిని వెంట తీసుకుపోయింది.

సుందరరామమూర్తి ఆఫీసు వడపళనిలో. ముప్పై ఏళ్ళ కిందట తెనాలి నుంచి సినిమాల్లో పని కోసం వచ్చి, ఇప్పుడు షూటింగులకు లైట్లూ జనరేటర్లూ అద్దెకిస్తున్నాడు. గోడ నిండా ట్రస్టు పిల్లలతో దిగిన ఫోటోలు. ఆయన ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోమన్నాడు. కాఫీ తెప్పించాడు. గౌరవంగానే మాట్లాడాడు.

"మీరూ తెలుగువాళ్ళేనటగా. ఏ ఊరు?"

"మా తాత కాలం నుంచీ ఈడే సార్. నెల్లూరు పక్క అంటారు. మేము చూడలా."

"మనం మనం తెలుగువాళ్ళం కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నానమ్మా. మా అమ్మాయికి కొంచెం నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది. బయటికి కనిపించదు. డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చాడు. అంతా రూలు ప్రకారమే జరిగింది."

"పన్నెండో క్లాసులో తొంభై నాలుగు పర్సెంటు అని పోయిన నెల మాకందరికీ మైసూర్‌పాకు పెట్టినారు సార్."

సుందరరామమూర్తి బల్ల మీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు. తెలివితక్కువ మనిషికి ఓపికగా చెప్పాల్సి వచ్చినప్పటి అలసట ఉంది.

"సరే. సూటిగా మాట్లాడుకుందాం. పతకం వస్తే మా అమ్మాయికి జీవితం ఏర్పడుతుంది. మీ అమ్మాయికి వస్తే మెళ్ళో వేసుకుని వీధిలో తిరుగుతుంది. అంతేగా? ఈ పిల్లకి తేడా ఏం తెలుస్తుంది చెప్పు. వచ్చే ఏడు నేనే దగ్గరుండి రైలెక్కిస్తాను. ఈలోగా ఇక్కడ ఆఫీసులో పనిస్తాను. కప్పులు కడగడం, ఊడవడం. నెలకి ఎనిమిది వేలు. నీకూ ఆసరా."

ఒక కాయితం ముందుకు జరిపాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. చదివి చెప్పమంటే చెప్పాడు. ఆరోగ్యం బాగాలేనందువల్ల మా అమ్మాయిని పోటీల నుంచి మేమే మానిపిస్తున్నాము, ఇందులో ఎవరి ఒత్తిడీ లేదు.

వినోదిని ఈ మాటలేవీ పట్టించుకోకుండా గోడ మీది ఫోటోలన్నీ వరసగా చూసి వచ్చింది. "సార్, నా ఫోటో లేదే," అంది.

"పెడతాంలే తల్లీ," అన్నాడు ఆయన ఫోను చూసుకుంటూ.

ఎదురుగా ఉన్న కాఫీ ఆయన మొహాన పోస్తే ఎలా ఉంటుందో లూర్దుమేరి ఒక్క క్షణం కళ్ళముందు చూసుకుంది. అది చాలదనిపించింది. కాయితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆలోచించుకొని చెప్తా సార్."

లూర్దుమేరి కోపం అరిచే కోపం కాదు. మార్కెట్ వీధిలో వాళ్ళకు అది తెలుసు. కొన్నేళ్ళ కిందట ఒక చేపల కొట్టు యజమాని ఆమె ఊడ్చిన చోటే కావాలని మురికినీళ్ళు కుమ్మరించి నవ్వాడు. ఆమె ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి వీధంతా అద్దంలా ఊడ్చి, అతని కొట్టు ముందు నాలుగు మూరల నేల మాత్రం వదిలేసింది. ఈగలు ముసిరాయి. బేరాలు పక్క కొట్లకు పోయాయి. ఎనిమిదో రోజు అతను వచ్చి తప్పయిపోయిందన్నాడు. తొమ్మిదో రోజు కూడా ఆమె అక్కడ ఊడవలేదు.

ఆ వారమంతా ఆమె పనిచేస్తూ ఒకటే ఆలోచించింది. పోలీసుల దగ్గరికి పోతే కాయితం అడుగుతారు, ఆయన దగ్గర కాయితాలున్నాయి. డాక్టరు రాసిచ్చాడు, కార్డు వచ్చింది. అబద్ధానికి అన్ని సంతకాలూ ఉన్నాయి, తన నిజానికి ఒక్కటీ లేదు. ఆయన పదిమంది ముందు తలదించుకోవాలి. ఆ కూతురి మొహంలో భయం తాను చూడాలి. చీపురు వేగంగా ఆడేది. వినోదిని రాత్రి అన్నం తింటూ రైలు మాట ఎత్తితే, "తిను ముందు," అని కసిరేది.

శుక్రవారం సాయంత్రం ముత్తురాజ్ ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే కూర్చున్నాడు.

"నువ్వేదో చేస్తావని నాకు భయంగా ఉండాదక్కా. ఇది బయటికొస్తే పెద్ద ఆఫీసులో మన ట్రస్టు పేరు కొట్టేస్తారు. కార్పొరేషన్ గ్రౌండు ఇవ్వదు. నలభై రెండు మంది పిల్లలు. మళ్ళీ అందరూ ఇళ్ళల్లో కూర్చోవాల. వినోదినికి మళ్ళీ తాళమేస్తావా నువ్వు?"

"వేసింది నేనే. నువ్వు చెప్పాల్సిన పన్లేదు."

"నీ కోపం న్యాయమే. నేనూ ఆ లిస్టు మీద సంతకం పెట్టినోణ్ణే. పెట్టినాక రెండు రోజులు అన్నం దిగలా."

"దిగకపోతే నాకేమి. పెట్టేముందు దిగకుండా ఉండుంటే బాగుండు."

అతను తల వంచుకుని లేచిపోయాడు. ఒక గంటకు మునియక్క వచ్చింది. మునియక్క జార్జి టౌన్‌లో ఉల్లిపాయల మండీలో మూటలు కుడుతుంది. చేతుల నిండా గోనె నారల గీతలు. వచ్చీ రాగానే ఏడ్చింది.

"నా బిడ్డ పేరుండాది లూర్దూ. ఇరవై మూడేళ్ళకి మొదటిసారి దాని పేరు ఒక కాయితం మీద ఎక్కింది. నీ పగ కోసం దాన్ని కూడా దించుతావా?"

ఈ మాట లూర్దుమేరికి తగిలింది. పొయ్యి మీద పులుసు పొంగింది, దించింది.

"అక్కా, మొన్న నా బిడ్డ పేరు పోయింది. నువ్వు ఫోను చేసి చెప్పినావు. మంచిదే. ఆయన్ని ఎందుకూ అని ఒక్క మాట అడిగినావా? అడగలా. వచ్చే ఏడు ఇంకెవురి పిల్లకో సీటు కావాల్సొస్తాది. అప్పుడు కలై పేరు పోతాది. నేను ఫోను చేసి చెప్తా. అంతేనా మనం?"

మునియక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే లూర్దుమేరి సుందరరామమూర్తికి ఫోను చేసింది. ఆదివారం పొద్దున గ్రౌండులో జట్టుకు వీడ్కోలు సభ ఉంది. పెద్దవాళ్ళు వస్తారు. నాగపూర్ పోయే జట్టుకూ, మిగిలిన పిల్లల జట్టుకూ అందరి ముందూ ఒక ఆట పెట్టారు.

"సంతకం పెడతా సార్. ఆదివారం ఆట అయినాక పెడతా. బిడ్డ మాత్రం ఒక్కసారి అందరి ముందరా ఆడాల. ఆ మిగిలిన జట్టులో ఆడనీయండి."

"దాందేముందమ్మా. ఆడనీ. ఫోటోలు కూడా తీయిస్తాను," అన్నాడాయన. గొంతులో బరువు దిగిపోయిన హాయి వినిపించింది. లూర్దుమేరి ఫోను పెట్టేసి చీకట్లోనే చాలాసేపు కూర్చుంది. చాలా రోజుల తరవాత ఆమెకు ఆకలేసింది.

శనివారం సాయంత్రం తల్లీ కూతుళ్ళు వీధిలో సాధన చేశారు. పంపు దగ్గర నుంచి మాంసం కొట్టు గోడ వరకూ దూరం. గోడ మీద బొగ్గుతో మనిషి ఎత్తు గీత గీసింది లూర్దుమేరి.

"రేపు బంతి ఎవురి మీదికి కొట్టాల?"

"ఎనక లైనుకి. కోచ్ అట్ట చెప్పినాడు."

"రేపు ఒక్కరోజు కోచ్ మాట వద్దు. అచ్చు యాడ నిలబడితే ఆడికే కొట్టాల. అన్నీ అచ్చుకే."

వినోదిని బంతి చంకలో పెట్టుకుని ఆలోచించింది. "ఎందుకు?"

లూర్దుమేరి ఎప్పుడో సిద్ధం చేసుకున్న మాట అప్పుడు బయటికి రావడానికి కష్టపడింది. "అచ్చు బాగా ఆడతాది గదా. అది ఎంత బాగా ఆడతాదో అందరూ చూడాల."

వినోదిని ముఖం విప్పారింది. "ఆమామా, అవును. అచ్చు సూపర్," అని పిడికిలి బిగించి కొట్టింది. బంతి బొగ్గు గీతకు తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టింది. లూర్దుమేరి బంతి అందిస్తూ కూతురి ముఖం చూడకుండా గోడనే చూసింది.

ఆదివారం ఎనిమిదింటికే గ్రౌండులో షామియానా వేశారు. సుందరరామమూర్తి తెల్ల చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముఖ్య అతిథి సీతాదేవి క్రీడా శాఖలో అధికారి. పాతికేళ్ళ కిందట స్వయంగా వాలీబాల్ ఆడిన మనిషి. పొడుగ్గా, కొంచెం కుంటుతూ వచ్చింది. మోకాళ్ళు ఆటలో పోయాయని ఆవిడే నవ్వుతూ చెప్పింది. ముందు వరసలో ఆవిడ పక్క కుర్చీలో సుందరరామమూర్తి కూర్చున్నాడు. తల్లులు గోడ పక్కన చాపల మీద కూర్చున్నారు. లూర్దుమేరి చాప మీద కూర్చోలేదు. స్కోరు బోర్డు పక్కన, సీతాదేవికి వినిపించేంత దూరంలో నిలబడింది.

ఆట మొదలైంది. వీడ్కోలు ఆట కాబట్టి పాయింటు ఎవరిదైనా ఒక్కొక్కరికీ వరసగా ఐదేసి సర్వీసులు. మొదటి ఐదూ అయ్యాక సర్వీసు వినోదినికి వచ్చింది.

మొదటి బంతి నేరుగా అక్షయ మీదికి పోయింది. అక్షయ నవ్వుతూ రెండు అడుగులు జరిగి, ముంజేతుల మీద తీసుకుని ముందు వరసకు చక్కగా లేపింది. రెండో బంతి ఇంకా వేగంగా పోయింది. అక్షయ దాన్నీ తీసుకుంది. "కలై, ఎడమకి పో. రాశీ, వెనక్కి. నాది, నాది," అని కేకేస్తూ జట్టునంతా వేళ్ళ సైగలతో నడిపింది. ఎదటివాళ్ళలో ఎవరు ఎక్కడ తడబడతారో కనిపెట్టి సరిగ్గా ఆ సందులోకి బంతిని జార్చింది. ఏడాదిగా అక్కడ ఆమె ఆడే ఆట అదే. ఎప్పటిలాగే ఆడింది. ఆడుతున్నప్పుడు లిస్టులో తాను ఏ వరసలో ఉన్నదీ మరిచిపోయింది.

సీతాదేవి ముందుకు వంగింది. "ఆ పోనీటెయిల్ పిల్ల బాగా ఆడుతోందే. మంచి పార్ట్‌నర్‌ని తయారుచేశారు," అంది సుందరరామమూర్తితో.

ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా లూర్దుమేరి మాట వినిపించింది. పెద్దగా అరవలేదు. ఒక్కో మాటా విడిగా పలికింది.

"పార్ట్‌నర్ కాదు మేడం. అథ్లెట్. మీ చేతిలో లిస్టుండాది గదా, మొదటి వరుసలో మూడో పేరు. నా బిడ్డ పేరు తీసి ఆ పేరు పెట్టినారు. సర్వీసు కొడతా ఉండేదే నా బిడ్డ."

సీతాదేవి ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచింది. వేలితో పేర్ల మీదుగా పోయింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "కోచ్," అని పిలిచింది. ముత్తురాజ్ విజిల్ నోట్లోంచి తీసి, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ సుందరరామమూర్తి వైపు తిరిగింది.

"మేడం, ఆమెకి మతి స్థిమితం లేదు. చదువులేని మనిషి, అన్నీ తప్పుగా అర్థం చేసుకుంటుంది. మా అమ్మాయికి డాక్టరు సర్టిఫికెట్ ఉంది," అన్నాడాయన. మెడ మీద చెమట కాలరు లోపలికి జారింది. "కొన్నిసార్లు బాగానే ఆడుతుంది, కొన్నిసార్లు అసలు ఆడలేదు. అదే ఆ జబ్బు. మీరే చూడండి."

ఆ ఆఖరి మాట కోర్టులోకి వినిపించేలా అన్నాడు. అంటూ కూతురి వైపు చూశాడు.

లూర్దుమేరి ఆ చూపు పోయిన దారిలోనే చూసింది. అక్షయ ముఖంలో రంగు పోయింది. ఇన్నాళ్ళూ తాను కోరుకున్న భయం అదే. అది చూస్తే హాయిగా ఉంది. ఆ హాయిని ఆమె దాచుకోలేదు.

"కొట్టు వినోదినీ," అంది.

బంతి వచ్చింది. అక్షయ చేతులు చాచి, కావాలని ఆలస్యంగా కలిపింది. బంతి ఆమె భుజానికి తగిలి పక్కకు పోయింది. తరవాతి బంతికి ఆమె తప్పు వైపు పరిగెత్తి కాళ్ళు తడబడినట్టు పడింది. లేచి నిలబడినప్పుడు ఆమె నిలబడ్డ తీరు మారిపోయింది. భుజాలు ముందుకు వంగాయి. మణికట్లు లోపలికి తిరిగాయి. కింది పెదవి వేలాడింది. కళ్ళు ఎటో పెట్టి, తల కొద్దిగా ఊపింది.

ఆ నిలబడే తీరు అక్కడున్న ప్రతి తల్లికీ తెలుసు. వంగిన భుజాలు రాశివి. తిరిగిన మణికట్లు కలైసెల్వివి. పెదవిని అలా వదిలేసేది, అలసిపోయినప్పుడు, వినోదిని. ఏడాదిపాటు పక్కపక్కన ఆడి ఆ పిల్ల వాళ్ళ దగ్గర నేర్చుకున్నది అందరి ముందూ పెట్టింది. పక్కనే ఉన్న కలైసెల్వి నవ్వబోయి, ఎందుకో ఆగి, తన మణికట్లు తాను చూసుకుంది.

ఆ హాయి లూర్దుమేరికి నిలవలేదు. ఆయన్ని బయట పెట్టాలనుకుంది, పెట్టింది. కానీ ఇది చూడాల్సి వస్తుందని అనుకోలేదు. వెనక మునియక్క లేచి నిలబడిన చప్పుడైంది. చాప మీంచి ఇంకెవరో లేచారు.

ముత్తురాజ్ అలవాటుగా విజిల్ ఊదాడు. తరవాతి సర్వీసు.

వినోదిని కొట్టలేదు. బంతిని రెండు చేతుల్తో పొట్టకు ఆనించుకుని నెట్టు వైపు నడిచింది. గీత దాటకూడదని ఆమెకు బాగా తెలుసు. అయినా దాటింది. నెట్టు దగ్గరికి వచ్చి కన్నాల్లోంచి అవతలికి చూసింది.

"అచ్చూ, ఏమాయె నీకు?"

అక్షయ తల పక్కకు తిప్పుకుంది.

"బాగా ఆడు అచ్చూ. నువ్వు అట్ట ఆడవు. అందరూ చూస్తావుండారు."

సుందరరామమూర్తి కుర్చీలోంచి లేచాడు. "పాపా, వెనక్కి వెళ్ళి బంతి కొట్టు. ఆట ఆపకూడదు," అన్నాడు. వినోదిని ఆయన వైపు తిరిగింది.

"నేను కొట్టను సార్."

ఆ పిల్ల ఎవరికైనా కొట్టను, చెయ్యను, రాను అని చెప్పడం అక్కడ ఎవరూ వినలేదు. తల్లి కూడా వినలేదు. సుందరరామమూర్తి స్కోరు బోర్డు దగ్గరికి రెండంగల్లో వచ్చాడు. "చెప్పమ్మా నువ్వు. నీ మాట వింటుంది. వెనక్కి రమ్మను. ఆట ముగిద్దాం, తరవాత నీకేం కావాలో కూర్చుని మాట్లాడుకుందాం."

"నేను చెప్పను," అంది లూర్దుమేరి. ఆయన కళ్ళలోకి చూస్తూ అంది.

సీతాదేవి ఫైలు మూసి, మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. మునియక్క షామియానా నీడ దాటి ఎండలోకి వచ్చి, కలైసెల్వి దగ్గరికి పోతోంది. ముత్తురాజ్ ఇంకోసారి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు.

వినోదిని బంతిని వదలకుండా నెట్టు దగ్గరే నిలబడి ఉంది. అవతల అక్షయ వంచిన భుజాలతో, తండ్రి వైపు ఒకసారి, వినోదిని వైపు ఒకసారి చూస్తోంది. లోపలికి తిప్పిన చేతుల్ని ఆమె ఇంకా సరిచేసుకోలేదు.